వంకరపోయిన బార్డరు

హోటలు ధనపాల్ విసిరికొట్టిన విజిటింగ్ కార్డులు తెల్లవారినా ఇంటి కింద ప్రెస్సులో నేలమీదే పడి ఉన్నాయి. ఒక్కరూ వంగి తీయలేదు. ముందు ఎవరు వంగితే తప్పు వాళ్ళదే అవుతుందని ఆ ఇంట్లో అందరికీ భయం పట్టుకున్నట్టుంది.

భువన చీపురు చేతబట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. నిన్న సాయంత్రం తన మొగుడు బాలాజీ, సొంత తమ్ముడు సుజిత్‌ని, బయటి మనిషి ఎదుట, ఛెళ్ళుమని చెంపమీద కొట్టిన చోటు అదే. అక్కడ ఊడవడానికి ఆమెకు చెయ్యాడలేదు.

"ఊడ్చేయక్కా, చెత్తే గదా," అంది వెనకనుంచి మోనిష. సుజిత్ పెళ్ళాం. చంకన బట్టల సంచి ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఆ సంచి ఏందే?"

"ఆయన పొద్దన్నే బండేసుకొని గుడియాత్తం పోయినాడు. మామ దగ్గరే తేల్చుకుంటాడంట. నన్నూ వచ్చేయమన్నాడు."

"తేల్చుకునేదేముండాది మోనిషా? అన్నదమ్ములు. నాలుగు మాటలనుకుంటారు, మళ్ళా పక్కపక్కన కూర్చొని తింటారు."

"మాటలైతే నేనూ అట్లే అనుకొందును. మీ ఆయన మాట్లాడినాడా అక్కా? చెయ్యే గదా మాట్లాడినాది?"

భువన చీపురు మూలన పెట్టి, వంగి, తనే ఒక్కొక్క కార్డూ ఏరడం మొదలుపెట్టింది.

విజిటింగ్ కార్డు కొయ్యడం ఏమంత బ్రహ్మవిద్య అనుకుంటారు చాలామంది. ఒట్టి తెల్ల కార్డయితే నిజంగానే కాదు. కత్తి అర మిల్లీమీటరు అటు జరిగినా ఇటు జరిగినా కనిపెట్టే మొనగాడు లేడు. అంచుదాకా రంగున్న కార్డయితే, ఆ రంగును కోతగీత దాటి కాస్త బయటికి పరిచి కొడతారు, కత్తి తప్పినా తెల్లచార పడకుండా. కానీ చుట్టూ సన్నగీత బార్డరు పెట్టమన్నాడా, చచ్చామే! ఆ గీతకీ కార్డు అంచుకీ నడుమ మిగిలే సందు నాలుగు పక్కలా సమంగా ఉండితీరాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒక కొన లావుగా, ఒక కొన సన్నంగా తేలిపోయి, అక్షరం ముక్క రానివాడు కూడా 'ఇదేందిది వంకర' అనేస్తాడు.

అందుకే వేలూరులో ఆ ప్రెస్సుల సందులో బార్డరు కార్డు అనగానే అందరూ ఇంకో డిజైను చూపించి తప్పించుకుంటారు. తప్పించుకోనిది బాలాజీ ఒక్కడే. గుడియాత్తం మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. అంచు లేని గుడ్డా ఒక గుడ్డేనా, బార్డరు లేని కార్డూ ఒక కార్డేనా అనేవాడు. సుజిత్ మిషను మీద షీట్లు కొట్టడం, బాలాజీ కోత కోయడం. ఇన్నేళ్ళుగా పక్క సందులవాళ్ళు కూడా బార్డరు పని వస్తే వీళ్ళ దగ్గరికే పంపేవాళ్ళు.

ఆషాఢం, వాళ్ళనే ఆడి మాసం, దాటిందో లేదో కార్డులు తిరిగి రావడం మొదలైంది. ఒక నగల కొట్టువాడు, తర్వాత ఒక లాయరమ్మ, నిన్న పళ్ళికొండ హైవే మీద కొత్త హోటలు తెరుస్తున్న ధనపాల్. అందరిదీ ఒకే మాట, బార్డరు వంకర. సుజిత్ వంకరగా కొట్టాడని బాలాజీ అంటాడు. నేను చక్కగానే కొట్టానని సుజిత్ అంటాడు. నిన్న ఆ మాట మీదే చెయ్యి లేచింది.

బాలాజీ మెట్లు దిగి వచ్చాడు. ఎవరివైపూ చూడలేదు. మోనిష చంకన సంచి కనబడే ఉంటుంది, అడగలేదు. తిన్నగా కటింగ్ మిషను దగ్గరికి పోయి, ధనపాల్ పనిలో మిగిలిన షీట్ల కట్ట తీసి బల్లమీద తట్టి సరిచేశాడు.

"ఏమయ్యా, కాఫీ తాగి మొదలుపెట్టరాదా?" అంది భువన.

"సాయంత్రానికి మళ్ళా కోసిస్తానని ధనపాల్‌కి మాటిచ్చినా."

"గుడియాత్తం పోవాల. అత్త ఫోన్ చేసినాది. సుజిత్ అక్కడ అన్నం ముట్టలేదంట."

"ఇది కోసినాక పోదాం."

జేబులోంచి ప్రెస్సువాళ్ళు వాడే చిన్న భూతద్దం తీశాడు. పై షీటు మీద, బార్డరు గీత పైన దాన్ని పెట్టి, ఎడమ కన్ను మూసి కుడి కన్ను ఆనించాడు. బాలాజీకి అది చిన్ననాటి అలవాటు. ఏ గీత చూడాలన్నా ఎడమ కన్ను దానంతటదే మూసుకుంటుంది.

చాలాసేపు చూశాడు. పళ్ళు కొరికాడు. పక్కనున్న చిత్తుకాగితం ఒక చిన్న పట్టీగా చింపి, కట్ట వెనక, అడ్డపట్టీకి ఆనే చోట, ఎడమ మూలన దూర్చాడు. కట్ట రవ్వంత పక్కకి తిరిగింది.

ఇది భువన చూడడం మొదటిసారి కాదు.

"ఆ కాగితం ముక్క ఎందుకయ్యా?" అని అడిగేసింది. ఇన్నాళ్ళూ అడగలేదు. ఇవాళ నోరు ఆగలేదు.

"వాడు వంకరగా కొట్టినాడే, దాన్ని సరిచేస్తా ఉండా."

"నాకు చక్కగానే అగుపిస్తాండాది."

"నీకేం తెలుసే? గమ్మునుండు."

కత్తి దిగింది. అతను కోసిన కట్ట పక్కన పెట్టగానే భువన ఒక కార్డు తీసి చూసింది. బార్డరు ఒక కొన లావు, ఒక కొన సన్నం. కొయ్యని షీటు ఒకటి కాఫీ తెచ్చే నెపంతో లోపలికి పట్టుకుపోయి, పొయ్యిగట్టు మీద పరిచి, హాస్టలుకు పోయిన కూతురి పాత స్కూలు సంచిలోని స్టీలు స్కేలు ఆనించింది. గీత స్కేలుకి అతుక్కున్నట్టు చక్కగా ఉంది. ఎంత దుర్మార్గం! చక్కటి షీటుకి ముక్క దూర్చి, వంకరగా కోసి, తమ్ముడి మొహాన కొడుతున్నాడా ఈ మనిషి?

ఆమె కొత్తకోడలుగా వచ్చేనాటికి సుజిత్ ఇంకా నిక్కర్లలో ఉన్నాడు. వదినా, వదినా అంటూ కొంగు పట్టుకుని తిరిగినవాడు. వాణ్ణి ప్రెస్సులోంచి తరిమెయ్యాలని తన మొగుడే ఈ పని చేస్తున్నాడంటే, ఇన్నేళ్ళూ ఎవరి పక్కన పడుకుంది తను? పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఆమె చూడనేలేదు.

* * *

పళ్ళికొండ మీదుగా పోయే బస్సులో ముగ్గురూ మూడు సీట్లలో కూర్చున్నారు. దారిలో ధనపాల్ కొత్త హోటలు కనబడింది, మామిడాకులు కట్టి, పందిరి వేసి. బాలాజీ కిటికీలోంచి ఆ బోర్డు చూసి తల తిప్పుకున్నాడు.

గుడియాత్తంలో మామ రామస్వామి ఇల్లంటే ముందు గదంతా మగ్గమే. ఇంటికి వచ్చినవాళ్ళు మగ్గం చుట్టూ తిరిగి లోపలికి పోవాలి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని రామస్వామి గళ్ళ లుంగీ నేస్తున్నాడు. కొడుకు వచ్చాడని ఆపలేదు. పేకనూలు మోసే నాడె అటూ ఇటూ పోతూనే ఉంది.

గోడవారన సుజిత్ కూర్చుని ఉన్నాడు. భువన కళ్ళు ముందు వాడి చెంప మీదికే పోయాయి. అన్నను చూసి వాడు లేవలేదు. ఎప్పుడూ లేచేవాడు.

రుక్మిణమ్మ కాఫీ తెచ్చి పెద్దకొడుకు చేతికిచ్చింది. "చక్కెర వెయ్యలేదు నాయనా. షుగరు మాత్ర వేసుకున్నావా?"

"మర్చిపోతిని."

"దినమ్మూ మర్చిపోయేదేనా?" అని ఆమె ఇంకా ఏదో అనబోయి, ఇంట్లో గాలి బాగాలేదని గ్రహించి ఊరుకుంది.

నాడె ఆగింది. రామస్వామి తల ఎత్తకుండానే అడిగాడు. "ఏరా పెద్దోడా, తమ్ముడి మీద చెయ్యి చేసుకున్నావంటనే?"

"చేసుకుంటి. పేరు పోతా ఉంటే చేతులు కట్టుకొని నిలబడమంటావా నాయనా?"

"పేరు పోతే మళ్ళా తెచ్చుకోవచ్చునప్పా."

"నాయనా, దెబ్బ గురించి కాదు నా బాధ," అన్నాడు సుజిత్. "అన్న కొట్టినాడు, సరి. చిన్నప్పుడు కొట్టలేదా ఏమి? నేను చక్కగా కొట్టిచ్చిన షీట్లకి కాగితం ముక్క దూర్చి, కావాలని వంకరగా కోసి, నా మీదేస్తా ఉండాడే, అది ఎందుకు? నేను వేండాం, వద్దనుకుంటే నోరు తెరిచి చెప్పనీ. 'తంబీ, నీ దారి నువ్వు చూసుకోరా' అంటే పోనా నేను? ఇంత నాటకం ఎందుకు?"

"కావాలనా?" బాలాజీ కాఫీ గ్లాసు నేలమీద పెట్టేశాడు. "నువ్వు వంకరగా కొడితే, దాన్ని సరిచేసేదానికి పెడితిని గదరా ఆ ముక్క! నీ పేరు చెడకూడదని, ఎవురికీ చెప్పకుండా, నాలో నేనే చస్తా ఉంటిని. నిన్న ఆ ధనపాల్ ఎదురుగా నువ్వు 'నాది తప్పు లేదు, కోతలోనే తప్పు' అంటివే, అప్పుడు పోయినాది నా ఓర్పు."

"కోతలోనే తప్పు! ఇప్పుడూ అంటా!"

"అను రా, ఇంకొకసారి అను!"

"పోదుమ్! చాలు!" రుక్మిణమ్మ మధ్యకి వచ్చింది. "ఇంట్లో ఆడబిడ్డలుండారు, చూసి మాట్లాడండి."

"ఆ ఆడబిడ్డలనే అడగమ్మా," అన్నాడు సుజిత్. వాడు భువనవైపు తిరిగాడు. "వదినా, నువ్వెప్పుడూ నాకు అబద్ధం చెప్పింది లేదు. అన్న ముక్క పెట్టేది చూసినావా లేదా? నా షీటు చక్కగా ఉండాదా లేదా? నువ్వే చెప్పు."

అందరూ ఆమెవైపు చూశారు. మోనిష సంచి పట్టీ గట్టిగా పట్టుకుంది. బాలాజీ కూడా చూశాడు, కానీ అతని చూపులో భయం లేదు. పెళ్ళాం తన పక్షమే మాట్లాడుతుందన్న ధీమా ఉంది. చూడలేదంటే సుజిత్ జన్మలో భువన మొహం చూడడు. చూశానంటే మొగుణ్ణి అత్తమామల ఎదుట తనే నరికినట్టు.

"చెప్పమ్మా," అన్నాడు రామస్వామి మెల్లిగా.

"చూస్తిని మామా. ముక్క పెట్టేది చూస్తిని." భువన తల వంచుకుంది. "షీటు చక్కగానే ఉండాది. పొద్దన్న స్కేలు పెట్టి చూస్తిని."

పక్కింటి మగ్గం ఒకటే టకటకమంటోంది.

బాలాజీ ఆమెను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నువ్వు గూడానా?" అన్నాడు, అంతే. అని, పెళ్ళినాటినుంచీ చూస్తున్న మొహాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

రుక్మిణమ్మ కళ్ళు తుడుచుకుంటూ దేవుడి గూటి దగ్గరికి పోయింది. కొడుకుల ప్రెస్సులో ఏ కొత్త పని మొదలైనా మొదటి కార్డు ఆమె దగ్గరికి రావాల్సిందే. పెళ్ళిపత్రికకు పెట్టినట్టు నాలుగు మూలలా పసుపు పెట్టి, దేవుడి ముందు ఉంచుతుంది. తమిళం తప్ప చదవలేదు, కార్డు మీద ఏముందో కూడా అడగదు. మూలలు నాలుగూ ఉంటే ఆమెకు చాలు.

"ఇదిగో, ధనపాల్ పనిలో మొదటి కార్డు. సుజిత్ తెచ్చిచ్చినాడు."

"అది నేనే కోసినానమ్మా," అన్నాడు సుజిత్. "శాంపిలు చూపించాల, అన్న తిరువలంలో పెళ్ళికి పోయుండాడని నేనే కోసి ధనపాల్‌కి చూపిస్తిని. చూసి ఎంత మెచ్చుకున్నాడో! ముక్కా లే, గిక్కా లే. అన్ననే చూసి చెప్పమను. అది వంకరగా ఉండాదంటే నేనిప్పుడే కాళ్ళ మీద పడతా."

బాలాజీ కార్డు తీసుకున్నాడు. వెలుతురు కోసం గుమ్మం దగ్గరికి పోయాడు. భూతద్దం తీసి కార్డుకి ఆనించి, ఎడమ కన్ను మూశాడు. పసుపు అతని బొటనవేలికి అంటింది.

భువన మనసులో దేవుడికి మొక్కుకుంది. ఒక్క మాట, చక్కగా ఉందిరా అనే ఒక్క మాట ఇతని నోట రానీ స్వామీ, నాకింకేమీ వద్దు అని.

కార్డు నిలువుగా చూశాడు. అడ్డంగా తిప్పి చూశాడు. మొహం రంగు మారింది.

"ఇది గూడా వంకరే," అన్నాడు. "నడిమిట్లో వంగిపోయుండాది. వాటికంటే ఇదే అధ్వానం."

రుక్మిణమ్మ నోట చెయ్యి పెట్టుకుంది. కార్డు లాక్కుని మొగుడికి చూపించింది, కోడళ్ళకు చూపించింది. నాలుగు పక్కలా సందు సమంగా ఉంది. పసివాడు కూడా చెప్పగలడు.

"దేవుడి దగ్గర పెట్టిందిరా నాయనా! పసుపు పెట్టింది! దీని మీద గూడా అబద్ధమా?"

"అబద్ధం చెప్పేదానికి నాకేం ఖర్మమ్మా?"

సుజిత్ లేచాడు. ఈసారి ఏడవలేదు. "అయిపోయినాది నాయనా. ఇంక మాటల్లేవు. మేము ఆలంగాయం పోతాం, మోనిష వాళ్ళమ్మింటికి. ప్రెస్సు అన్నే పెట్టుకోనీ."

"ఒరే, కూర్చోరా..." రామస్వామి గుంటలోంచి లేవబోయాడు. మోకాళ్ళు సహకరించలేదు. సుజిత్ వంగి తండ్రి కాళ్ళకి దండం పెట్టాలంటే కాళ్ళు గుంటలో ఉన్నాయి. మగ్గం చెక్కనే ముట్టుకుని కళ్ళకద్దుకుని బయటికి పోయాడు.

భువన వీధిలోకి పరుగెత్తింది. "సుజిత్, ఒక ముద్ద తినిపో నాయనా. ఆలంగాయం దాకా ఖాళీ కడుపుతోనా?"

వాడు బండి మీద కూర్చుని, హెల్మెట్ పెట్టుకుంటూ అన్నాడు. "వదినా, అందరిముందూ నిజం చెప్పినావు. ఆ అన్నం చాలు నాకు."

బండి వీధి మలుపు తిరిగింది. మోనిష ఒక్కసారి వెనక్కి చూసింది. భువన అక్కడే నిలబడి, ఎండలో చాలాసేపు ఏడ్చింది.

* * *

ఆమె లోపలికి వచ్చేసరికి ఎవరి చోట వాళ్ళే ఉన్నారు. రుక్మిణమ్మ గోడకి చేరగిలబడి కొంగుతో మొహం కప్పుకుంది. బాలాజీ మగ్గం పక్కనున్న పీట మీద కూలబడి ఉన్నాడు. రామస్వామి మళ్ళీ నాడె పట్టుకున్నాడు. ఏడుపు వచ్చినప్పుడు నేసేవాడు ఆయన. కొందరు తాగుతారు, ఈయన నేస్తాడు.

బాలాజీ చూపు నేసిన గుడ్డ మీద పడింది. నీలం మీద తెల్ల గళ్ళు. చిన్నప్పటినుంచీ ఆ గళ్ళు లెక్కబెడుతూ పెరిగినవాడు. అలవాటుగా ఎడమ కన్ను మూసుకుంది. తల కొంచెం వంచాడు. వేలు చాచి గుడ్డ మధ్యలో ఒకచోట తాకాడు.

"నాయనా," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఎంతో ఆప్యాయంగా, పెద్దవాడికి నొప్పి కలగకుండా చెప్పాలన్నట్టుగా అన్నాడు. "ఇక్కడ చూడు నాయనా. గళ్ళు వంగిపోయుండాయి. రెండు మూడు గళ్ళు ఒకదాన్లోకి ఒకటి నలిగినట్టుండాయి. నీకూ చెయ్యి తప్పతా ఉండాదా?"

నాడె ఆగిపోయింది.

భువన వంగి చూసింది. గళ్ళు గళ్ళుగానే ఉన్నాయి. మగ్గం అచ్చులోంచి వచ్చిన నూలు, నిలువు పడుగు పడుగే, అడ్డం పేక పేకే. ఒక్క పోగు చెదరలేదు. జీవితమంతా గళ్ళ లుంగీ తప్ప ఇంకోటి నేయని మనిషి చేతి పని అది.

రామస్వామి కొడుకు మొహంలోకి చూశాడు. ఎడమ కన్ను మూసి, కుడి కన్నుతో గుడ్డకేసి చూస్తున్న ఆ మొహాన్ని చాలాసేపు చూశాడు. రుక్మిణమ్మ "అది కాదురా..." అనబోతే, చెయ్యెత్తి ఆపేశాడు.

"అవునప్పా," అన్నాడు రామస్వామి. "వయసైపోలేదా. చెయ్యి తప్పినట్టే ఉండాది."

భువన మామ మొహం చూసింది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు జారి గడ్డం మీదికి వస్తున్నాయి. తుడుచుకోవడం లేదు.

ఎందుకు అబద్ధం చెబుతున్నాడు ఈయన? అంతకంటే, తన మొగుడెందుకు చెప్పాలి? తమ్ముణ్ణి తరమడానికి కార్డు మీద అబద్ధం చెప్పాడు, సరే. తండ్రి నేసిన లుంగీ మీద అబద్ధం చెబితే ఇతనికి ఏం వస్తుంది? ఎవరిని తరమడానికి?

అప్పుడు తెలిసింది ఆమెకి. అయ్యో దేవుడా! మగ్గం గుంజ పట్టుకుంది. ఇతను అబద్ధం చెప్పలేదు. ఒక్కసారి కూడా చెప్పలేదు. భూతద్దంలో అతనికి ఎలా కనబడితే అలాగే చెప్పాడు. చక్కటి గీత వంకరగా కనబడితే, కాగితం ముక్క పెట్టి ఆ వంకర తీయాలని రోజూ తంటాలు పడ్డాడు. షుగరు మాత్రలు మర్చిపోతూ, చక్కెర కాఫీలు తాగుతూ, ఆ జబ్బుకి కన్ను పోగొట్టుకుంటూ, తమ్ముడి తప్పు దాస్తున్నానని మురిసిపోతూ. అలాంటివాణ్ణి నలుగురిలో నిలబెట్టి దొంగను చేసింది తను.

ఆమె అతని వెనకగా పోయి నిలబడింది. ఏం చెయ్యాలో తెలియలేదు. చేతులు వాటంతటవే లేచాయి. కుడి అరచెయ్యి అతని కుడి కన్ను మీద పెట్టింది.

"ఏందే ఇది?"

"ఇంకో కన్ను తెరువు. ఇప్పుడు చూడు గళ్ళు."

బాలాజీ చూశాడు. అతని భుజాలు బిగుసుకోవడం ఆమె పొట్టకి తెలిసింది.

ఆమె చెయ్యి తీసి, ఈసారి ఎడమ కన్ను మూసింది. "ఇప్పుడు?"

అతను చూశాడు. తనే ఆమె చెయ్యి పట్టుకుని ఈ కన్ను మీంచి ఆ కన్నుకి, ఆ కన్ను మీంచి ఈ కన్నుకి మార్చుకున్నాడు. మళ్ళీ మార్చుకున్నాడు. కొత్త ఆట నేర్చుకుంటున్న పిల్లవాడిలా మార్చుకుంటూనే ఉన్నాడు.

"అమ్మా, ఆ కార్డు ఇయ్యి," అన్నాడు చివరికి.

రుక్మిణమ్మ ఇచ్చింది. భూతద్దం లేకుండా, ఎడమ కన్నుతో చూశాడు. పసుపు మూలలనుంచి మూలలకి బార్డరు చుట్టూ మెల్లిగా చూపు తిప్పాడు. కార్డును ఒళ్ళో బోర్లా పెట్టుకున్నాడు.

"ఎంత చక్కగా కోసినాడు చూడే," అన్నాడు.

భువన అతని తలను పొట్టకి అదుముకుంది. ఇద్దరూ ఏడ్చారు. రామస్వామి గుంటలోంచి చెయ్యి చాచి కొడుకు మోకాలు పట్టుకున్నాడు. "కంటాసుపత్రికి పోదామప్పా. రేపే పోదాం. అందరికీ వస్తా ఉండాది ఇప్పుడు, బాగు చేస్తారు," అంటున్నాడు గానీ, ఆయన మాట మీద ఆయనకే నమ్మకం ఉన్నట్టు లేదు.

భువన కళ్ళు తుడుచుకుని నడుముకు దోపుకున్న ఫోను తీసింది. "నేను సుజిత్‌కి చెప్తా. వాడు ఇంకా దారిలోనే ఉంటాడు. ఒక్క మాట చెప్తే చాలు, తిరిగొచ్చేస్తాడు."

"వద్దు." బాలాజీ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దా? ఏం మాటయ్యా అది? వాడు నిన్ను ఎంత చెడ్డోడనుకొని పోయినాడో తెలుసా?"

"అనుకోనీ."

"ఎందుకు అనుకోవాల?"

"చెడ్డోడనుకుంటే వాడి బతుకు వాడు చూసుకుంటాడే భువనా. కన్ను పోయిందని తెలిసిందా, పరిగెత్తుకొని వస్తాడు. నేను కొట్టిన ఈ చేతినే పట్టుకొని నన్ను రోడ్డు దాటిస్తాడు. నాకది వద్దు. నేను తట్టుకోలేను." రెండో చెయ్యి ఒళ్ళోని కార్డు మీద పెట్టాడు. "నా మీద ఒట్టు. నాయన మీద ఒట్టు. చెప్పొద్దు."

"పెద్దోడా, తప్పప్పా," అన్నాడు రామస్వామి.

ఆ మాట ముగిసేలోపే భువన చేతిలో ఫోను మోగింది. తెర మీద సుజిత్ పేరు.

బాలాజీ ఆమె మణికట్టు వదల్లేదు, తల మాత్రం వద్దని ఆడిస్తున్నాడు. మామ 'తియ్యమ్మా' అన్నట్టు చూస్తున్నాడు. ఫోను మోగుతూనే ఉంది. ఆగిపోతుందేమోనని ఆమెకు భయం వేసింది. బాలాజీ పట్టుకోని రెండో చేత్తో వేలు జరిపి ఎత్తింది. స్పీకరు ఎలా పడిందో పడింది.

"వదినా," అన్నాడు సుజిత్. బండి ఎక్కడో ఆపినట్టున్నాడు, లారీల చప్పుడు వినిపిస్తోంది. "కోపంలో వచ్చేస్తిని. ఒక్క మాట చెప్పాలని. అన్న పొద్దన్న మాత్ర వేసుకోలే. అక్కడ నాయనింట్లోనే నా బట్టల బీరువాలో పై అరలో ఇంకో మాత్రల అట్ట ఉండాది, నేనే దాచిపెట్టినా. అన్నానికి ముందు గుర్తు చెయ్యి. నేను చెప్పినానని చెప్పొద్దు."

బాలాజీ విన్నాడు. ఆమె మణికట్టు మీద అతని పట్టు సడలలేదు, ఇంకా బిగిసింది.

"వదినా? ఉండావా? మాట్లాడవేమి?"